గురి తప్పినా ఒక పాయింటు

ఫిజియోథెరపీలో మాస్టర్స్ చేయడానికి హైదరాబాద్ నుంచీ గుంటూరు నుంచీ ఇంగ్లండ్‌లో మా ఊరు కోవెంట్రీకి వచ్చే పిల్లలు అప్పుడప్పుడు మా ఇంటికి వస్తుంటారు. టీ తాగి, కాసేపు మొహమాటపడి, చివరికి అసలు సంగతి అడుగుతారు. "ఆంటీ, స్పోర్ట్స్ టీమ్‌లో జాబ్ కావాలంటే ఏం చేయాలి?" అని. ఆ అడిగేటప్పుడు వాళ్ళ కళ్ళలో రోగి ఎవరూ కనిపించరు. ట్రాక్ సూట్ వేసుకుని మైదానం గీత పక్కన చేతులు కట్టుకుని నిలబడిన వాళ్ళ ఫొటోనే కనిపిస్తుంది. మోకాలి చిప్ప మార్పించుకున్న ముసలావిడతో మొదటి నాలుగడుగులు వేయిస్తే అలాంటి ఫొటో రాదు మరి.

అలా అడిగిన వాళ్ళందరికీ చెప్పిన సంగతే ఇప్పుడు రాస్తున్నాను. చదివాక కూడా అటే వెళ్తామంటే వెళ్ళండి. నేను అడ్డం పడను.

నా ఉద్యోగ జీవితమంతా కోవెంట్రీలో ప్రభుత్వ ఆస్పత్రిలోనే గడిచింది. ఊరోళ్ళ నడుములు, మోకాళ్ళు, పక్షవాతం వచ్చిన చేతులు, ఇదే నా లోకం. చివరికి నా నడుమే మొరాయించడంతో కొంచెం ముందుగా రిటైరయ్యాను. ఇంట్లో కూర్చున్న కొద్ది రోజులకే విసుగెత్తింది. సరిగ్గా అప్పుడే ఒక పెళ్ళి విందులో మా కాబోయే యజమాని వచ్చి నా పక్క కుర్చీలో కూర్చున్నాడు.

ఆయనది కృష్ణా జిల్లా. లండన్ శివార్లలో, స్టాన్‌మోర్‌లో పెద్ద ఇల్లు. వృద్ధులను చూసుకునే కేర్ హోమ్‌లకు మనుషుల్ని సప్లై చేసే ఏజెన్సీ పెట్టి పైకి వచ్చాడు. వయసులో నాకంటే చిన్న కాబట్టి అక్కా అనేవాడు. ఆయనకు నచ్చని మాట ఎవరైనా చెబితే వినబడనట్టు నవ్వడం ఆయనకు పుట్టుకతో వచ్చిన విద్య.

"మీలాంటి ఎక్స్‌పీరియన్స్ ఉన్న మనిషి ఇంట్లో కూర్చోవడం ఏంటి అక్కా. మన టీమ్‌కి హెడ్ ఫిజియో మీరే," అన్నాడు గులాబ్ జామ్ నోట్లో పెట్టుకుని.

"ఏం టీము?"

"కెనడియన్ ఫుట్‌బాల్ అండి. ప్రొఫెషనల్. ఈ దేశంలో మనమే ఫస్ట్."

"ఈడ గది ఎవలు చూస్తరు తమ్మీ?"

"చూపిస్తే చూస్తారండి," అన్నాడు.

ఆ ఒక్క మాట మీద మూడు సీజన్లు నడిచాయి. కెనడాలో బావమరిది ఇంటికి వెళ్ళినప్పుడు ఒక మ్యాచ్ చూశాడట. జనం వేసే కేకలకు ఒళ్ళు పులకరించిందట. అలా ఒళ్ళు పులకరించిన డబ్బున్నవాళ్ళు ఇక్కడ మరికొందరు దొరికారు. లీగ్ తయారైంది.

ఇంటికి వచ్చి చెబితే మా ఆయన చదువుతున్న పేపరు దించకుండానే, "నీ నడుమే వంగుతలేదు, ఇగ పహిల్వాన్ల నడుములు సక్కజేస్తవా," అన్నాడు. ఆ మాటకు రోషం వచ్చి ఒప్పుకున్నాను. మనుషులు ఉద్యోగాల్లో చేరడానికి ఇంతకంటే గొప్ప కారణాలు ఉంటాయని నేను అనుకోను.

తెలియని వాళ్ళ కోసం ఆట గురించి రెండు ముక్కలు. హెల్మెట్లు పెట్టుకుని ఒకరినొకరు గుద్దుకునే అమెరికా ఆట ఉంది కదా, దానికి ఇది దాయాది. ఒక్కో జట్టుకు పన్నెండు మంది. మైదానం అమెరికా దానికంటే పొడవు, వెడల్పు. రెండు చివర్లా ఎండ్‌జోన్ అని పెద్ద జాగా ఉంటుంది. బంతిని అక్కడికి చేరిస్తే పాయింట్లు. తమాషా ఏమిటంటే ఇంగ్లండ్‌లోని మామూలు మైదానాల్లో ఈ ఆట పట్టదు. జట్టుకు పేరు పెట్టి, బొమ్మ గీయించి, టీ షర్టులు అచ్చు వేయించి, కెనడా నుంచి కోచ్‌ను కూడా రప్పించాక గాని ఆ సంగతి మా వాళ్ళకు తెలియలేదు. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం.

చివరికి ఊరి బయట ఒక పాత రగ్బీ మైదానం అద్దెకు తీసుకున్నారు. కోచ్ కెనడాలో బడిపిల్లలకు ఆట నేర్పిన పెద్దాయన. ఎప్పుడూ నోట్లో పుల్ల ఒకటి నములుతుండేవాడు. మొదటిసారి చూడటానికి వెళ్ళిన రోజు మైదానం ఈ చివర నుంచి అడుగులు లెక్కపెట్టుకుంటూ నడిచి నడిచి, ఎండ్‌జోన్ ఇంకా మిగిలి ఉండగానే స్టాండు ఇటుక గోడ దగ్గర ఆగాడు. గోడను చూశాడు. మమ్మల్ని చూశాడు. దీన్ని ఎప్పుడు తీసేస్తున్నారని అడిగాడు.

"గోడ మనది కాదని చెప్పండి అక్కా," అన్నాడు యజమాని, నా వైపు తిరిగి నవ్వుతూ.

గోడను ఎవరూ తీయలేదు. ఎండ్‌జోన్‌లో ఒక మూల కోసేసి వంకరగా గీత గీశారు. గోడకు పాత జిమ్ పరుపులు తాళ్ళతో కట్టించారు. ఇది సరిపోదని ఆ రోజే చెప్పాను. యజమాని నవ్వాడు.

ప్రారంభోత్సవం మాత్రం ఘనంగా జరిగింది. ఒక పక్క బ్యాగ్‌పైప్, ఇంకో పక్క డప్పులు. గోల్ స్తంభం దగ్గర పూజారి గారు కొబ్బరికాయ కొట్టారు. టీమ్ బస్సు చక్రాల కింద నిమ్మకాయలు పెట్టించారు. కెనడా నుంచి వచ్చిన ఆటగాళ్ళు అది ఇంగ్లండ్ ఆచారం అనుకున్నారు. వాళ్ళు కొద్దిమందే. అక్కడి జట్లు వద్దనుకున్నవాళ్ళు. మిగతావాళ్ళు ఈ చుట్టుపక్కల వాళ్ళే. ఇళ్ళ కప్పులు వేసేవాళ్ళు, పబ్బుల ముందు కాపలా ఉండేవాళ్ళు, ఒక పీటీ మాస్టరు. మంచి పిల్లలు. దెబ్బలు తగిలించుకోవడంలో మాత్రం నిజంగా ప్రొఫెషనల్స్.

నాతో పనిచేసిన వాళ్ళలో ఇద్దరి గురించి చెప్పాలి. ఒకాయన జట్టు బట్టలు, హెల్మెట్లు, సామాన్లు చూసే మనిషి. కోవెంట్రీలోనే పుట్టి, కార్ల ఫ్యాక్టరీలో పనిచేసి, అది మూతపడ్డాక ఇక్కడికి వచ్చాడు. రోజంతా కలిపి పది మాటలు మాట్లాడితే ఎక్కువ. రెండో ఆయన జట్టు డాక్టరు. వారమంతా తన క్లినిక్‌లో జీపీగా, అంటే ఫ్యామిలీ డాక్టరుగా చేసి, మ్యాచ్ రోజున మా దగ్గరికి వచ్చేవాడు. చాలా మర్యాదస్తుడు. ఎవరి మనసూ నొప్పించలేడు. డాక్టరుకు అది ఎంత పెద్ద జబ్బో తర్వాత తెలిసింది.

మొదటి సీజన్‌లో వరసగా ఓడిపోయాం. గెలిచింది ఒక్కటే మ్యాచ్, అదీ ఒక్క పాయింటు తేడాతో. ఈ ఆటలో ఒక విచిత్రమైన రూలు ఉంది. గోల్‌కు తన్నిన బంతి గురి తప్పి పక్క నుంచి పోయినా, అవతలివాళ్ళు దాన్ని ఎండ్‌జోన్ నుంచి బయటికి తీసుకురాలేకపోతే తన్నినవాళ్ళకు ఒక పాయింటు ఇస్తారు. స్కోరు సమంగా ఉండగా, గోల్‌కు తన్నే మావాడు ఆఖరి నిమిషంలో తన్నాడు, బంతి స్తంభానికి ఆమడ దూరం నుంచి పోయింది. ఇక డ్రానే అనుకుని జనం గొడుగులు సర్దుకుంటున్నారు. అంతలో రిఫరీ మా పేరు చెప్పాడు. కార్ పార్క్‌కు వెళ్ళిపోయిన కొందరు చప్పట్లు కొట్టడానికి వెనక్కి వచ్చారు.

మా యజమానికి ఆ రూలు ఎంత నచ్చిందో చెప్పలేను. ఆయన జీవితం మొత్తం ఆ రూలు మీదే నడిచింది కదా. గురి తప్పినా పాయింటు పడింది.

రెండో సీజన్‌కు నార్తాంప్టన్ నుంచి ఒక కుర్రాడు వచ్చాడు. ఇక్కడే పుట్టి పెరిగిన తెలుగువాడు. ఇంజనీరింగ్ పూర్తి చేసి, యూనివర్సిటీలో ఇలాంటి ఆటే ఆడి, ఈ ఆటలో పడ్డాడు. బాణంలా పరిగెత్తేవాడు. గాల్లో ఉన్న బంతిని చూస్తే వాడికి ఇంకేమీ కనిపించేది కాదు. మనం తెలుగులో మాట్లాడితే అంతా అర్థమయ్యేది, జవాబు మాత్రం ఇంగ్లీషులోనే వచ్చేది. "బాగున్నవా బిడ్డా" అంటే "ఆల్ గుడ్, ఆంటీ" అనేవాడు. వాడి ఒక్కడి మూలంగా మేం మ్యాచ్‌లు గెలవడం మొదలుపెట్టాం.

ఇక యజమాని ఆగుతాడా? ప్రపంచంలోనే మొదటి తెలుగు ఆటగాడని బోర్డులు వేయించాడు. స్టాన్‌మోర్ నుంచి కుటుంబాలను బస్సుల్లో తెచ్చి బిర్యానీ పెట్టించాడు. ఆ జనానికి ఆట ఏమిటో తెలియదు. కుర్రాడి చేతికి బంతి వస్తే లేవాలి, వాడు పడిపోతే కూర్చోవాలి. అంతవరకు నేర్చుకున్నారు.

ఆ సీజన్‌లో మా మైదానంలో ఆఖరి మ్యాచ్ రోజు వచ్చింది. గెలిస్తే ఫైనల్. మొదటిసారి ఒక ఆన్‌లైన్ చానెల్ లైవ్ ఇస్తోంది. పొద్దుటి నుంచి వాన. మైదానానికి వెళ్ళగానే గోడ దగ్గరికి వెళ్ళి చూశాను. తడిసిన పరుపులు బరువెక్కి కిందికి జారి ఉన్నాయి. యజమానికి చూపించాను.

"తమ్మీ, ఇవి మల్ల కట్టించు. లేకుంటే ఆ మూలకు బంతి వెయ్యొద్దని కోచ్‌కు చెప్పు."

"అక్కా, మీరు ప్రతీదీ హాస్పిటల్ కళ్ళతో చూస్తారండి. ఇది స్పోర్ట్. కొంచెం ప్యాషన్ ఉండాలి," అన్నాడు.

కోచ్‌కు నేనే చెప్పాను. పుల్ల ఈ దవడ నుంచి ఆ దవడకు మార్చి తల ఊపాడు. సామాన్ల మనిషీ నేనూ కలిసి పరుపులు పైకి లాగి కట్టాం. తడి తాడు ముడి ఎంతసేపు నిలుస్తుందో మా ఇద్దరికీ తెలుసు.

రెండో సగం మొదలైన కాసేపటికి, మేం కొద్దిగా వెనకబడి ఉన్నప్పుడు, మావాళ్ళు బంతిని చాలా దూరం విసిరారు. సరిగ్గా ఆ మూలకే. కుర్రాడు తల పైకెత్తి బంతిని చూస్తూ పరిగెత్తాడు. బంతి చేతికి చిక్కింది. అదే ఊపులో వెళ్ళి గోడకు కొట్టుకున్నాడు. పరుపు అప్పటికే జారిపోయి ఉంది. హెల్మెట్ ఇటుకకు తగిలిన చప్పుడు నాకు ఈ చివరకు వినిపించింది.

కింద పడినవాడు బంతి పైకెత్తి చూపించాడు. స్టాండు మొత్తం లేచి నిలబడింది. ముందు వరసలో వాళ్ళ అమ్మానాన్నలు. నాన్న గంతులు వేస్తున్నాడు. కుర్రాడు లేచి, నింపాదిగా నడుచుకుంటూ వచ్చి, అవతలి జట్టు బెంచీ మీద ఇద్దరి మధ్య కూర్చున్నాడు. వాళ్ళు నవ్వారు. కాసేపటికి వాళ్ళలో ఒకడు నవ్వు ఆపి నాకు చెయ్యి ఊపాడు.

నేను వెళ్ళి, హెల్మెట్ తీయించి, ఎదురుగా మోకాళ్ళ మీద కూర్చున్నాను. ఇది ఎన్నో సగమని అడిగితే మొదటిదన్నాడు. ఎవరితో ఆడుతున్నామంటే పోయిన వారం ఆడిన జట్టు పేరు చెప్పాడు. బంతి పట్టుకున్నానా అని అడిగాడు. పట్టుకున్నావన్నాను. మళ్ళీ అదే అడిగాడు. మళ్ళీ చెప్పాను. మళ్ళీ అడిగాడు. ఆ తర్వాత ముందుకు వంగి మెల్లగా, "అమ్మకి చెప్పొద్దు ఆంటీ," అన్నాడు. వాడి నోట నేను తెలుగు వినడం అదే మొదటిసారి.

మెదడు అదిరింది. అందులో సందేహం లేదు. అలాంటి తలకు అదే రోజు ఇంకో దెబ్బ తగిలితే ఏమవుతుందో ఫిజియో చదివే పిల్లలకు నేను చెప్పక్కర్లేదు. చదవని వాళ్ళు తెలుసుకోకపోతేనే హాయి.

వాడిని మా బెంచీకి తెచ్చేసరికి డాక్టరు వచ్చాడు. కంట్లో లైటు వేశాడు. వేలు చూపించాడు. అతని ముఖంలో జవాబు నాకు స్పష్టంగా కనిపించింది. అంతలో వెనకే యజమాని, ఆయన వెనక కుర్రాడి నాన్న దిగి వచ్చారు. డాక్టరు గొంతు సవరించుకుని, పది నిమిషాలు గమనించి అప్పుడు నిర్ణయిద్దాం అన్నాడు. కోచ్ వైపు చూశాను. ఇది వైద్యుల విషయమని చెప్పి ఆయన ఆకాశం చూడటం మొదలుపెట్టాడు. అందరూ అందరి వైపూ చూశారు, ఒక్క కుర్రాడి వైపు తప్ప.

"పది నిమిషాలేగా అక్కా. తర్వాత దింపుదాం. లైవ్ పోతోంది. ఇంతమంది మనవాళ్ళు వచ్చారు వాడి కోసం," అన్నాడు యజమాని.

"పది నిమిషాలు లేవు, ఇరవై లేవు. వీడు ఇయ్యాల ఆడడు."

"డాక్టరు గారే ఓకే అంటుంటే..."

"ఆయన ఓకే అనలే తమ్మీ. ఆయన ఏమీ అనలే."

డాక్టరు తన బూట్లు చూసుకున్నాడు.

కుర్రాడి నాన్న నా ముందుకు వచ్చాడు. "మేడమ్, వాడు నడుస్తున్నాడు కదండి. మాట్లాడుతున్నాడు కదండి. చిన్నప్పటి నుంచి ఈ రోజు కోసమే కదండి వాడు కష్టపడింది. మీరెందుకండి మధ్యలో," అన్నాడు. ఆయన గొంతులో పొగరు లేదు, బతిమాలుతున్నాడు. యజమానిని తిట్టుకోవచ్చు, ఈయనను తిట్టుకోలేను. అదే కష్టం.

"ఐ యామ్ ఫైన్, ఆంటీ," అని కుర్రాడు లేచి నిలబడి హెల్మెట్ కోసం చెయ్యి చాచాడు.

హెల్మెట్ నా చేతిలో ఉంది. మా బెంచీ మీద ఎవరికి ఇచ్చినా యజమాని అడగగానే ఇచ్చేస్తారు, ఎందుకంటే అందరి జీతమూ ఆయనదే. కాబట్టి నేను దాన్ని చంకన పెట్టుకుని, మైదానం అంచు వెంట నడుచుకుంటూ అవతలి జట్టు ఫిజియో దగ్గరికి వెళ్ళాను. ఆమె గ్లాస్గో మనిషి, దిట్టంగా ఉంటుంది. మ్యాచ్ అయ్యేదాకా ఇది ఎవరు అడిగినా ఇవ్వకండని చెప్పాను. ఆమె కుర్రాడి వైపు ఒకసారి చూసింది. హెల్మెట్ ఒళ్ళో పెట్టుకుని పైన తన కోటు కప్పుకుంది.

నేను వెనక్కి వచ్చేసరికి యజమాని సామాన్ల మనిషిని ఇంకో హెల్మెట్ తెమ్మంటున్నాడు. అవి వ్యాన్‌లో ఉన్నాయి, వ్యాన్ తాళం పోయింది అన్నాడతను. తాళం చెవుల గుత్తి అతని చూపుడు వేలికే వేలాడుతోంది. దాన్ని మెల్లగా తిప్పుతూ యజమాని కళ్ళలోకి చూస్తూ నిలబడ్డాడు. ఆ రోజుకు అతని పది మాటలూ అక్కడే ఖర్చయిపోయాయి.

అప్పుడు కుర్రాడి అమ్మ వచ్చింది. మెట్లు ఎప్పుడు దిగిందో ఎవరూ చూడలేదు. కొడుకు పక్కన కూర్చుని తన షాలు వాడి భుజాల మీద కప్పింది. తర్వాత భర్తతో అంది. "వీడు నన్ను చూసి, నువ్వెప్పుడొచ్చావమ్మా అంటున్నాడు. పొద్దున మనల్ని కార్లో తీసుకొచ్చింది వాడే కదండీ."

నాన్న వెళ్ళి కొడుకుకు రెండో పక్కన కూర్చున్నాడు.

మేం ఓడిపోయాం. చివర్లో గోల్‌కు తన్నిన బంతి, ఆ తన్నేవాడి అలవాటు ప్రకారం, గురి తప్పింది. ఈసారి అవతలివాళ్ళు దాన్ని అందుకుని బయటికి తెచ్చేశారు. ఆ ఒక్క పాయింటు కూడా రాలేదు.

కుర్రాడితో పాటు నేనూ ఆస్పత్రికి వెళ్ళాను. కార్ పార్క్‌లో ఒకసారి, దారిలో ఒకసారి వాంతి చేసుకున్నాడు. స్కాన్ తీశారు. ఏమీ లేదన్నారు. మీలో చదువుకునే వాళ్ళకు తెలుసు, ఇలాంటి దెబ్బ స్కాన్‌లో కనబడదు. మా యజమానికి మాత్రం అంతకంటే గొప్ప సాక్ష్యం అక్కర్లేకపోయింది. "దేవుడి దయ వల్ల స్కాన్ నార్మల్" అని వాట్సాప్ గ్రూపులో పెట్టాడు. కింద దండాలు, పూలు. వాటి కింద ఎవరో, అయితే అనవసరంగా ఫైనల్ పోయిందన్నమాట అని రాశారు. దాని కింద ఇంకొన్ని దండాలు.

రెండు రోజులకు నాకూ ఒక మెసేజ్ వచ్చింది. జట్టు కొత్త దిశలో వెళ్తోందట, నా సేవలకు కృతజ్ఞతలట. కింద ఒక దండం. మా ఆయన అది చదివి, "మంచిదే. నీ నడుం బతికింది," అన్నాడు. నా స్థానంలో వచ్చినతను కండలు మర్దనా చేసే వీడియోలు పెట్టుకునేవాడు. ఫొటోల్లో చాలా బాగా పడేవాడు.

స్కాన్ నార్మల్ అయిన కుర్రాడు ఎండాకాలం వచ్చేదాకా వెలుతురు చూడలేకపోయాడు. ఫోన్‌లో రెండు లైన్లు చదివితే తల పట్టుకునేవాడు. కర్టెన్లు వేసిన గదిలో కూర్చోబెట్టి, వాళ్ళమ్మ తినిపించేది. ఆమె అప్పుడప్పుడు ఫోన్ చేసి, ఇంకెన్నాళ్ళండీ అని అడిగేది. నాకు తెలియదనే చెప్పేదాన్ని. వాట్సాప్ గ్రూపులో ఈ విషయం ఎవరూ రాయలేదు. వాడు మళ్ళీ ఆ ఆట ఆడలేదు.

వాడు లేని మూడో సీజన్‌లో బస్సులు తగ్గాయి, బిర్యానీ తగ్గింది, జనం తగ్గారు. కోచ్ పుల్ల నములుకుంటూ కెనడా వెళ్ళిపోయాడు. సీజన్ అయ్యేసరికి జట్టు మూతపడింది. గోడ మాత్రం అక్కడే ఉంది. యజమానికి ఏమీ కాలేదు. ఇలాంటి వాళ్ళకు ఏమీ కాదు. ఇప్పుడు కబడ్డీ లీగ్ పెడుతున్నాడని విన్నాను. డాక్టరు ప్రతి దీపావళికీ నాకు శుభాకాంక్షలు పంపుతాడు. మర్యాదస్తుడని చెప్పాను కదా.

మొన్నామధ్య నార్తాంప్టన్‌లో ఒక సీమంతానికి వెళ్తే అక్కడ ఆ కుర్రాడు కనిపించాడు. కార్ల కంపెనీలో ఇంజనీరట. కొంచెం ఒళ్ళు చేశాడు. ప్లేటు పట్టుకుని వచ్చి నా పక్కన కూర్చున్నాడు. బాగున్నానని చెప్పి, ఆ రోజు మీరు నన్ను ఆడనిచ్చి ఉంటే గెలిచేవాళ్ళం ఆంటీ అన్నాడు ఇంగ్లీషులో.

థ్యాంక్స్ చెబుతాడేమో అనుకున్న నేను మొహం ఎలా పెట్టానో తెలియదు. వాడు ఆగలేదు. మొదటి సగంలో గాలి ఎటు వీచిందో చెప్పాడు. ఎప్పుడు ఎవరు ఎటు జారిపడ్డారో, తన వెంటపడ్డ అవతలివాడి నంబరెంతో, రిఫరీ ఎక్కడ తప్పు చేశాడో, వరసగా చెప్పుకుపోయాడు. గోడ దగ్గర కాసేపు మాత్రం ఏమీ గుర్తులేదన్నాడు. ఆ తర్వాత నేను హెల్మెట్ చంకన పెట్టుకుని వాన్లో నడిచి వెళ్ళడం మళ్ళీ గుర్తుందట. వెనక్కి కూడా తిరిగి చూడలేదట నేను. ఎక్కడా తడబడలేదు, ఒక్క పేరు కోసం వెతుక్కోలేదు. నా జీవితంలో ఎన్నో తలలు చూశాను గాని, ఇంత చక్కగా పనిచేస్తున్న దాన్ని చూసి చాలా కాలమైంది.

"అయితే కోపం ఇంకా పోలే?" అన్నాను.

"నో," అన్నాడు.

"మంచిది. ఉండనీ బిడ్డా," అని నా ప్లేట్లోని రెండు మిరపకాయ బజ్జీలు తీసి వాడి ప్లేట్లో వేశాను.